నాకు లేని రాయి

నాకు కిడ్నీలో రాయి ఎప్పుడూ లేదు. ఈ మాట ఇంత ఆలస్యంగా, ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తుందని నేను అనుకోలేదు. కానీ శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా నన్ను ఎరిగినవాళ్లలో ఎవరిని ఆపి అడిగినా నా రాయి గురించి చెప్తారు. ఎంత ఉంటుందో వేళ్లతో చూపిస్తారు. కొందరు శనగగింజంత అంటారు. మా కాలనీ గేటు దగ్గర ఇస్త్రీ చేసే ఆయన మాత్రం నిమ్మకాయంత అని పందెం కాస్తాడు. నిమ్మకాయంత రాయిని కడుపులో పెట్టుకొని స్కూటర్ నడిపే మనిషిగా నాకు కొంత గౌరవం కూడా దక్కింది. నాది కాని గౌరవం అది.

నాకున్నది ప్రోస్టేట్ క్యాన్సర్. రాయి మా ఇంటివాళ్లు నాకిచ్చింది.

మేడ్చల్ దగ్గర ఒక మందుబిళ్లల ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్ నాది. బ్యాచ్‌లోంచి కొన్ని బిళ్లలు తీసి, నలిపి, నీళ్లలో కరిగించి, బాగున్నాయనిపిస్తే సంతకం పెట్టడం పని. నా సంతకం లేకుండా తలనొప్పి మాత్ర కూడా గేటు దాటదు. కొన్నాళ్లుగా ఫ్యాక్టరీ బాత్రూంలో నా పక్కన నిలబడ్డ కుర్రాళ్లు వచ్చి పోతున్నారు, నేను మాత్రం అక్కడే ఉంటున్నాను. ధార సన్నబడింది. ఆగి ఆగి వచ్చేది. వచ్చిందనుకున్నాక ఇంకా ఉందని కబురు పంపేది. ఇంట్లో చెప్తే వేడి చేసిందన్నారు. ఫ్యాక్టరీలో చెప్తే వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, పొద్దున్నే ఈతకల్లు, అన్నీ తాగాను. మా దగ్గర మనిషికి నడుము నుంచి మోకాలి దాకా ఏం జరిగినా దానికి ఒకటే పేరు, వేడి.

చివరికి సిటీలో ఒక పెద్దాసుపత్రికి వెళ్లాను. డాక్టర్ నాకంటే చాలా చిన్నవాడు. చేతికి గ్లవుజు తొడుక్కొని పక్కకు తిరిగి పడుకోమన్నాడు. ఒక్క వేలు, ఒక్క నిమిషం. నా వయసు మగవాళ్లు ఆ వేలికి భయపడ్డంతగా పోలీసులకు కూడా భయపడరు. తర్వాత పీఎస్ఏ అని ఒక రక్తపరీక్ష, ఒక స్కాను, ఆ తర్వాత బయాప్సీ. బయాప్సీ అంటే సూదులతో ముక్కలు తీసి చూడటం. అంటే శాంపిలింగే. ఈసారి బ్యాచ్ నేనే.

రిపోర్టు వచ్చిన రోజు ఆ డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. మూత్రం సంచి కింద, గొట్టం చుట్టూ, ఉసిరికాయంత గ్రంథి. అది మగవాళ్లందరికీ ఉంటుంది, వయసుతో కొంత పెరుగుతుంది, పెరిగిందల్లా క్యాన్సర్ కాదు. నాది క్యాన్సరే. ఎముకల దాకా పోలేదు గనక చేయాల్సింది చేస్తే చాలాకాలం బతకొచ్చు అన్నాడు. నేను బుద్ధిగా విన్నాను. అప్పుడు అడిగాడు.

"మీ నాన్నగారు ఎలా పోయారు?"

"నడుము నొప్పితో."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "నడుము నొప్పితో ఎవరూ పోరు సార్."

నిజమే కదా. నాయిన ఆఖరి ఏడాది మంచంలోనే ఉన్నాడు, పక్కకు తిరిగితే కేకలు పెట్టేవాడు. ఊరంతా నడుము నొప్పి అంది, మేమూ అన్నాం. డిగ్రీ చదివిన నేను కూడా నడుము నొప్పితో మనిషి చనిపోయాడన్న మాటను ఇన్నేళ్లు ఏ పరీక్షా పెట్టకుండా గేటు దాటించాను.

"ఈ గ్రంథిలో మొదలైంది ఎముకలకు పోతే మొదట నడుముకే పోతుంటుంది," అన్నాడు డాక్టర్. "మీ నాన్నగారిది ఏమిటో ఇప్పుడు చెప్పలేం. కానీ మీకు అన్నదమ్ములున్నారా?"

ఒక తమ్ముడున్నాడు. రావల్కోల్‌లో కూరగాయలు పండిస్తాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న, నాకంటే రెండింతలు గట్టి మనిషి.

"వెంటనే రక్తం చూపించుకోమనండి. అన్నకు ఉంటే తమ్ముడికి వచ్చే అవకాశం ఎక్కువ. ముందే దొరికితే సుళువుగా అయిపోతుంది."

ఇంత తేలికైన పని నాకు జీవితంలో ఎవరూ చెప్పలేదు. తమ్ముడికి ఒక్క మాట చెప్పాలి, అంతే.

డాక్టర్ గదిలోంచి బయటికి వచ్చేసరికి కారిడార్‌లో నా భార్య పక్కన మా బావ నిలబడి ఉన్నాడు. బావ అంటే నా భార్యకు అన్న, కుత్బుల్లాపూర్‌లో ఉంటాడు. పెళ్లయినా, చావైనా, కాలనీలో డ్రైనేజీ పగిలినా ముందుండి నడిపిస్తాడు. డాక్టర్ అన్నది ఇద్దరికీ చెప్పగానే నా క్యాన్సర్ కూడా ఆయన చేతిలోకి వెళ్లిపోయింది.

"ఇగో, మందికి రాయి అని చెప్దాం," అన్నాడు.

"ఏం రాయి?"

"కిడ్నీల రాయి. గది అందరికి ఉంటది. ఆ జాగల క్యాన్సరంటే మంది ఏమనుకుంటరు బావా?"

"ఏమనుకుంటరు?"

బావ నా భార్య వైపు చూశాడు. ఆమె చీర కొంగు వైపు చూసింది. "నలుగుట్ల ఆ మాట ఎట్ల అంటం?" అంది.

"మరి తమ్మునికి చెప్పాలె. డాక్టర్ గదే అన్నడు."

"చెప్దాం. ముందు నీ ట్రీట్‌మెంట్ గానియ్. ఆడు పరేషానైతడు. నిమ్మళంగ చెప్దాం."

ఆ నిమ్మళంగా అన్న మాటకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గుండెలో స్టెంట్ వేయించుకున్నవాడు పెళ్లిలో చొక్కా గుండీ విప్పి చూపిస్తాడు. షుగర్ ఉన్నవాళ్లు టీ కొట్టు దగ్గర క్రికెట్ స్కోరు లెక్కన నెంబర్లు చెప్పుకుంటారు. జవహర్‌నగర్ వైపు నుంచి గాలి మళ్లితే అక్కడి చెత్తకుప్ప కంపు ఎలా ఉందో మా కాలనీ మొత్తం పూటపూటా చర్చిస్తుంది. మాట్లాడకూడనిది ఇదొక్కటేనా? నేను పుట్టినప్పుడు మా నాయిన ఊరంతా మిఠాయి పంచింది ఆ చోటు చూసే కదా. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?

ఇవన్నీ నేను ఆ కారిడార్‌లో గట్టిగా అన్నాను. బావ అంతా విని, "నువ్వు జోకులు మంచిగ జేస్తవ్," అన్నాడు.

రాయి వారంలో ఊళ్లన్నీ తిరిగింది. ఆ తర్వాత వైద్యం మొదలైంది, డాక్టర్ది కాదు, మందిది. ఒకాయన కొండపిండి ఆకు మోపుగా తెచ్చి గుమ్మంలో పడేశాడు. ఒకామె ఉలవకట్టు టిఫిన్ డబ్బాలో పంపింది. కానీ అసలు మందు బీరు. బీరు తాగితే రాయి కరిగి కొట్టుకుపోతుందని మా వైపు మగవాళ్లలో దాదాపు మతం లాంటి నమ్మకం. రోగిని చూడటానికి పండ్లు తెస్తారు కదా, నన్ను చూడటానికి నల్ల కవర్లలో బీర్లు తెచ్చారు. తెచ్చినవాళ్లు నాకు తోడుగా తామూ ఒకటి తాగి, నా ఆరోగ్యం గురించి బాధపడి వెళ్లేవారు. మా ఫ్రిజ్‌లో పాలకు చోటు లేకుండా పోయింది. నా భార్య ఆయుష్షులో వైన్ షాపు మెట్లు ఎక్కలేదు, అయినా మా ఇల్లే ఒక చిన్న బ్రాంచి అయింది.

నాకు రేడియేషన్ మొదలుపెట్టారు. ఆదివారం తప్ప రోజూ వెళ్లాలి. దానికొక నియమం ఉంది. కిరణాలు తగలకూడని చోట తగలకుండా, మూత్రం సంచి నిండుగా ఉండాలి. అంటే లెక్క ప్రకారం నీళ్లు తాగి, ఆపుకొని, వంతు కోసం కూర్చోవాలి. ఆపుకోలేక వచ్చినవాళ్లకు ఆపుకోవడమే వైద్యం. ఒకరోజు అందరం నిండుకుండల్లా కూర్చున్నాక లోపల్నుంచి ఒకాయన వచ్చి మిషన్ ఆగిపోయిందని చెప్పాడు.

"ఎంతసేపు?" అన్నాం.

"ఇంజనీరు దారిలో ఉన్నాడు. కొంచెం ఆపుకోండి సార్."

మామూలుగా అయితే మా తెలంగాణ మగవాళ్లు ఇంతమంది ఒక హాల్లో ఉన్నప్పుడు ఇలాంటి మాటంటే కుర్చీలు లేచేవి. ఆ రోజు ఎవరూ లేవలేదు. గొడవ పెట్టుకోవాలంటే ముందు నిటారుగా నిలబడాలి. ఒకరి తర్వాత ఒకరం తలవంచుకొని బాత్రూంకు వెళ్లి, మళ్లీ వచ్చి, మళ్లీ నీళ్లు తాగాం. ఆ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది ఇంట్లో రాయి అని చెప్పి వచ్చారో అనుకున్నాను. అడగలేదు. నవ్వితే ప్రమాదం.

మూడు నెలలకొకసారి హార్మోను ఇంజెక్షను కూడా ఉంది. ఈ క్యాన్సర్‌కు మగ హార్మోను మేత. ఆ మేత ఆపేస్తే అది ఎండుతుంది. దాంతోపాటు మనమూ కొంత ఎండుతాం. గడ్డం నెమ్మదించింది, కండ కరిగింది, భార్యాభర్తల సంగతి గోడ మీద పాత కేలండర్ లాగా ఉండిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయను, రాయడానికి ఏమీ లేదు గనక. ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగ లేచేది. చలికాలంలో ఫ్యాన్ వేసుకొని, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ కూర్చుంటే నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది.

"ఎట్లుంది?" అంది ఒకసారి.

"పొయ్యిల కూసున్నట్టుంది."

"నాకు గిట్లనే అయితాందంటే, ఏసీ కొనిపిచ్చుకోనీకె నాటకం అన్నవ్."

ఆమె వచ్చి ఫ్యాన్ ఇంకొంచెం పెంచి వెళ్లింది. ఇంటింటా ఆడవాళ్లు ఏళ్ల తరబడి అనుభవించేదాన్ని మగవాడికి సూదితో ఇస్తే తప్ప అర్థం కాదన్నమాట. ఆ ఇంజెక్షనును మగవాళ్లందరికీ ఒకసారి ఉచితంగా ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇదంతా జరుగుతుండగా తమ్ముడి సంగతి అలాగే ఉంది. నేను అడిగినప్పుడల్లా బావ దగ్గర ఒక ముహూర్తం ఉండేది. ముందు వానాకాలం పంట కానీ అన్నాడు. తర్వాత టమాటకు ధర లేదు, ఇప్పుడు వద్దన్నాడు. నేను ఆగలేక ఫోన్ చేసి, అసలు పేరు చెప్పబోతే పక్క నుంచి నా భార్య ఒట్టు పెట్టింది. సరే, పేరు లేకుండానే చెబుదామని, "ఒకసారి రక్తం చూపిచ్చుకోరా," అన్నాను.

"నాకేమైందన్నా? రాయి నీళ్లకు వస్తది. నాయిన బోరు నీళ్లకే నీకైంది. నేను బోరు మోటరు పీకిచ్చిన. శామీర్‌పేట నుంచి నీళ్ల క్యాన్లు తెప్పిస్తున్న, ఇగ రాదు."

అబద్ధాన్ని ఎవరైనా నమ్మితే ఏం చేయొచ్చో నాకు తెలుసు. నమ్మి, దానికి తగ్గట్టు పద్ధతిగా జాగ్రత్తలు తీసుకునేవాణ్ణి ఏం చేయాలో తెలియలేదు. నాయిన తవ్వించిన బోరు, ఏ పాపమూ ఎరగని బోరు, మా పరువు కోసం మూతపడింది.

తర్వాత తమ్ముడు కొత్త ట్రాలీ ఆటో కొన్నాడు, కూరగాయలు మార్కెట్‌కు వేయడానికి. యాట కోసి పొలం దగ్గర దావత్ పెట్టాడు. శుభకార్యం అయ్యాక చెప్దామన్నాడు బావ. బండికి దండలు వేశారు, నిమ్మకాయలు తొక్కించారు. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం భోజనాల బంతి సాగుతోంది. మా ఊళ్లో దావత్‌కు వచ్చిన మగవాళ్లకు షెడ్డు వెనక ప్రహరీ గోడ ఉంటుంది, బాత్రూం ఉండదు. వరుసగా నిలబడి, బస్సుల గురించీ భూముల రేట్ల గురించీ మాట్లాడుకుంటూ పని ముగించుకొస్తారు.

నేను వెళ్లి నిలబడ్డాను. నా పని నిదానం. పక్కన తమ్ముడు ఉన్నాడు. మా ఇద్దరి తర్వాత వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లూ వెళ్లిపోయారు. ఇద్దరమే మిగిలాం. నేను ఎందుకున్నానో నాకు తెలుసు. వాడెందుకున్నాడు? చెవి పెట్టి విన్నాను. సన్నగా వచ్చి, ఆగి, మళ్లీ కొన్ని చుక్కలు. ఆ చప్పుడులో అప్పటికి నేను బాగా చదువుకున్నవాణ్ణి.

"నీ రాయి ఇంకా పోలేదానే?" అన్నాడు గోడ వైపే చూస్తూ.

"నీకేమైందిరా?"

"ఏం లేదు. నీదే నాకచ్చినట్టుంది. బీరేస్తున్న, రోజొకటి. నీ మరదలే తెచ్చి పెడతాంది."

"ఎప్పటిసంది?"

"నీకు రాయని తెల్సినప్పటిసంది."

"నడుము నొస్తాందా?"

"నడుమెందుకు నొస్తదే?"

అక్కడే చెప్పేశాను. నాది రాయి కాదు, క్యాన్సర్, నీకూ ఉండొచ్చు, రేపే రక్తం ఇవ్వాలి అని. వాడు ప్యాంటు సర్దుకొని, నా మొహం చూసి, పగలబడి నవ్వాడు.

"మస్తు జేస్తవన్నా నువ్వు జోకులు!"

జీవితమంతా నవ్వించినందుకు ఇదీ నాకు దక్కిన ఫలితం. గోడ దగ్గర నిలబడి తమ్ముడికి క్యాన్సర్ అని చెప్తే వాడు నా భుజం తట్టి, బొక్కల చారు చల్లారుతోందని షెడ్డులోకి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లాను. ఆ నడకలో నా కోపం ఎంతుందో చెప్పలేను. బావ బంతిలో కూర్చుని మూలుగ బొక్క పీలుస్తున్నాడు. ఆయన విస్తరి ముందు నిలబడ్డాను.

"బావా, వీనికి చెప్పు. నాది రాయేనా?"

బంతి మొత్తం తలెత్తింది. బావ బొక్క దించకుండానే అన్నాడు. "గిప్పుడెందుకు? మందిని తిననియ్."

"తినేది ఆగది. నాది రాయేనా?"

"ఎహె, కూసో బావా. నువ్వు తాగినవా ఏంది?"

అప్పుడు నా భార్య కూర గిన్నె కింద పెట్టింది. గరిటె చేతిలోనే ఉంది. "రాయి గాదు తమ్మీ," అంది మా తమ్ముడితో. "క్యాన్సర్. మూత్రం జాగల. మేమే రాయన్నం."

కొత్త బండి మీద ఎవరి పిల్లలో హారన్ కొడుతున్నారు. మా మరదలు, తమ్ముడి భార్య, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో బావా! మరి నేను గిన్ని బీర్లు తాగిపిస్తిని గదా!"

ఎవరూ నవ్వలేదు. బంతి చివర మా చిన్నాయిన, నాయినకు తమ్ముడు, పెద్ద వయసు, అప్పటిదాకా వంచిన తల ఎత్తకుండా తింటున్నాడు. చెయ్యి కడుక్కోకుండానే మాట్లాడాడు.

"మీ నాయిన గూడ గోడకాడ గింతసేపే నిలవడేటోడు. పొలం పని ఎగ్గొడుతుండని నేను మస్తు తిట్టేది."

తమ్ముడు నా వైపు రాలేదు. నేరుగా బావ దగ్గరికి వెళ్లాడు. వాడి గొంతు కోపంగా లేదు, అందుకే నాకు భయమేసింది.

"నాయిన బోరు మోటరు పీకిస్తినే బావా. ఒక్క మాట చెప్పకపోతిరి?"

బావ అప్పుడు బొక్క విస్తరిలో దించాడు.

మర్నాడు వాడి కొత్త ట్రాలీలోనే ఆసుపత్రికి వెళ్లాం. మేడ్చల్ దాటి, సుచిత్ర దాటి, సిటీలోకి వచ్చేదాకా వాడు నాతో మాట్లాడలేదు. నేను ఒక జోకు వేయబోయి మానుకున్నాను. ఆ వేలి పరీక్ష అయ్యి బయటికి వచ్చినప్పుడు మాత్రం, "గీ సంగతన్న ముంగట చెప్పొద్దా?" అన్నాడు. అలా మాటలు కలిశాయి.

వాడి రక్తంలో ఆ పీఎస్ఏ లెక్క ఎక్కువే ఉంది. బయాప్సీలోనూ తేలింది. రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల్లో నేను తిట్టనివాళ్లు లేరు. బావను తిట్టాను, ఊరిని తిట్టాను, నడుము నొప్పి అన్న మాటను తిట్టాను. ఒట్టు పెట్టినందుకు నా భార్యను తిట్టబోతే ఆమె అప్పటికే పక్క గదిలో తనను తానే తిట్టుకుంటోంది. డాక్టర్ చివరికి మళ్లీ అదే బొమ్మ గీశాడు. ఉసిరికాయ లోపలే ఉంది, బయటికి పోలేదు, ఆపరేషన్‌తో తీసేయొచ్చు అన్నాడు. ఇంకొన్నాళ్లు బీరుతో కరిగిస్తూ ఉంటే ఏమయ్యేదని మరదలు అడిగింది. ఆయన ఆ బొమ్మ కాగితం మడిచి ఆమెకిచ్చాడు. "ఇప్పుడు వచ్చారు కదమ్మా," అన్నాడు.

ఆపరేషన్ అయ్యింది. మూడో రోజు సాయంత్రం నేను, తమ్ముడు గదిలో ఉన్నాం. వాడి మంచానికి మూత్రం సంచి వేలాడుతోంది. టీవీలో మార్కెట్ రేట్లు వస్తున్నాయి. బావ కొబ్బరిబోండాలు తీసుకొని వచ్చాడు. క్షేమం అడిగాడు, దిండు సర్దాడు, నర్సుతో ఊరికే గట్టిగా మాట్లాడాడు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకొని గొంతు తగ్గించాడు.

"దావత్‌ల ఉన్నోళ్లకు తెల్సిపాయె, సరే. కుత్బుల్లాపూర్‌ల మనోళ్లు అడుగుతుండ్రు. అన్నదమ్ములిద్దరికి రాయంటే నమ్మరు. తమ్మునికి హెర్నియా అందామా?"

నేను నోరు తెరిచే లోపలే తమ్ముడు మంచం మీది నుంచి అన్నాడు.

"బావా, నీకెన్నేండ్లు?"

"అరవై దాటినయ్. ఎందుకు?"

"రక్తం చూపిచ్చుకున్నవా?"

"నాకేమైంది? నేను మంచిగనే ఉన్న," అన్నాడు బావ. లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. కిటికీలోంచి పార్కింగ్ చూశాడు. ఆ తర్వాత బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. దిండు పక్కనున్న రిమోట్ తీసుకొని టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించాడు.